కారు ఏసీ కంప్రెసర్ ఇంటి దగ్గర మార్చుకోవచ్చా? మోటారు కాలినప్పుడు అడిగే మాటే ఇక్కడా అడగండి

బోరు మోటారు కాలిందనుకోండి. మీరు ముందు ఏం చేస్తారు? పైకి లాగి, వైండింగ్ షాపులో పడేసి, కట్టించుకొచ్చి మళ్లీ దించేస్తారా? చెయ్యరు. "ఎందుక్కాలింది?" అంటారు. ఒక ఫేజు పోయిందా, లో ఓల్టేజీలో నడిచిందా, నీళ్లు కిందకి పోయి ఉత్తినే తిరిగిందా, స్టార్టర్లో రిలే పని చెయ్యలేదా అని చూస్తారు. అది తేల్చకుండా కొత్త మోటారు దించితే అదీ వారానికే పైకొస్తుందని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

అలాంటి మనమే కారు ఏసీ ఆగిపోతే మాత్రం, "కంప్రెసర్ పోయిందంట" అని ఎవరో ఒక మాట అనగానే పాతదో కొత్తదో ఒకటి తెచ్చి బిగించేస్తాం. నేనూ అదే చేశాను. బండితో వచ్చిన కంప్రెసర్ పోయింది, నేను తెచ్చి వేసింది నలభై రోజులకే పోయింది, మూడోదానికి గానీ బుద్ధి రాలేదు. మన ఊళ్లల్లో ఇప్పుడు వీధికి నాలుగు కార్లున్నాయి. ఎక్కువ సెకండ్ హ్యాండువే, చాలావరకు పదేళ్లు దాటినవే. ఎండలు ముదిరే ముందు ఈ మాట చెప్పకపోతే నాలాగే ఇంకో నలుగురు డబ్బు తగలేస్తారని ఇంత పొడుగ్గా రాస్తున్నాను. ఓపిగ్గా చదవండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. కంప్రెసర్ విప్పడం, బిగించడం మన చేతిపనే. ట్రాక్టరు క్లచ్ ప్లేట్లు మార్చేవాడికి ఇది పెద్ద పని కాదు. గ్యాసు తియ్యడం, పట్టించడం మన పని కాదు, దానికి మిషను కావాలి. ఈ రెండిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది, అసలు పోయింది కంప్రెసరేనా, పోతే దాన్ని చంపింది ఎవరు అన్నది.

కారులో ఏసీ షోకు గదా, అద్దాలు దించుకుంటే సరిపోదా అనే పెద్దోళ్లున్నారు. మా నాన్న కూడా అలాగే అనేవాడు. మాది పల్నాడు. మే నెలలో రెంటచింతల వైపు ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. అద్దం దించితే వచ్చేది గాలి కాదు, పొయ్యి ముందర కూర్చున్నట్టు వేడి. మన వయసు వాళ్లం తట్టుకుంటాం. మా అమ్మకి గుండె జబ్బుంది, నెలకోసారి గుంటూరు తీసుకెళ్లి చూపించాలి. ఆమెకి ఏసీ షోకు కాదు. మీ ఇళ్లల్లో కూడా పెద్దవాళ్లో, చంటిపిల్లలో, నెలలు నిండిన ఆడపిల్లో ఉండే ఉంటారు.

ఇక నేను చేసిన తప్పు చెప్తా వినండి. నాది 2012 మోడలు డీజిలు బండి. మిరప కోతలప్పుడు కల్లాల మీద తిరుగుతుంది, వరి కోత మిషను పక్కనే ఆగుతుంది, యార్డుకి టిక్కీలు వెళ్లిన రోజు లారీల వెనకాల దుమ్ములో నడుస్తుంది. రెండేళ్ల కిందట ఏసీ వేస్తే ముందు నుంచి గరగరమని శబ్దం మొదలైంది. పది రోజులకి చల్లదనం పోయింది. తెలిసినవాడొకడు చూసి కంప్రెసర్ పోయిందన్నాడు. పాత సామాన్ల షాపులో 5,500 పెట్టి ఇంకో బండిలోంచి తీసింది తెచ్చాను. వేపచెట్టు కింద బండి ఆపి, పైపు బోల్టు కొంచెం వదులు చేసి, లోపలున్న గ్యాసంతా బుస్సుమని వదిలేశాను. అప్పుడు వేలి మీద కొట్టింది చూడండి, మంటకి కాలినట్టే బొబ్బ లేచింది. అది వేడికి కాదు, చలికి. ఆ గ్యాసు బయట గాలిలో మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది, చర్మం మీద పడితే ఉన్న వేడంతా పీల్చుకుపోతుంది. కంట్లో పడుంటే ఇవాళ ఈ పోస్టు ఒంటికన్నుతో రాసేవాణ్ణి.

సరే, కంప్రెసర్ బిగించాను. రోడ్డు పక్క షాపులో పది నిమిషాల్లో గ్యాసు పట్టించాను. మంచులాగా చల్లబడింది. ఊరంతా చెప్పుకున్నాను, పదిహేను వేల పని ఏడు వేలల్లో చేశానని.

నలభై రోజులు. అంతే. మే నెలలో అమ్మని గుంటూరు తీసుకెళ్తుంటే దారిలో కాలిన రబ్బరు వాసనొచ్చింది. బండి ఆపేలోపే బెల్టు తెగింది. కంప్రెసర్ ముందరుండే పుల్లీ బిగుసుకుపోయింది. మా బండిలో ఆ ఒక్క బెల్టే ఆల్టర్నేటరుని కూడా తిప్పుతుంది. అంటే ఏసీ ఒక్కటే పోలేదు, బండే ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నం, చుట్టుపక్కల ఊరు లేదు. అమ్మని ఒక చెట్టు కింద కూర్చోబెట్టి ఆటో కోసం ముప్పావు గంట నిలబడ్డాను. ఆమె ఒక్కమాట అనలేదు. ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించి సాయంత్రానికి పంపించారు. ఆ ముప్పావు గంట మాత్రం నాకు ఇప్పటికీ పోలేదు.

తర్వాత టౌనులో ఒక ఏసీ మెకానిక్ తమ్ముడి దగ్గర పైపులు విప్పించాను. పైపు మూతిలోంచి వేలు తిప్పితే నల్లటి పేస్టు అంటుకుంది, అందులో మెరిసే లోహపు రజను. అతను ముందు బంపరు ఊడదీసి, "అన్నా, ఇటు రా" అని కండెన్సర్ చూపించాడు. రేడియేటరుకి ముందుండే జల్లెడ లాంటిది. దాని సందుల్లో వరి నూగు, పొట్టు, పత్తి పీచు, మట్టి కలిసి అలికినట్టు పేరుకుపోయింది. కల్లం నేలలాగా ఉంది. మొదటి కంప్రెసర్ని చంపింది అదీ. రెండోదాన్ని చంపింది ఆ చెత్తతోపాటు, మొదటిది చచ్చేటప్పుడు వదిలిన రజను, నేను కడగకుండా వదిలేసిన పైపులు.

ఇది అర్థం కావాలంటే ఏసీ ఎలా పనిచేస్తుందో ఒక్క నాలుగు ముక్కలు. కంప్రెసర్ గ్యాసుని నొక్కుతుంది. నొక్కితే అది వేడెక్కుతుంది, సైకిల్ పంపు కింద వేడెక్కినట్టే. ఆ వేడి గ్యాసు ముందరున్న కండెన్సర్లోకి వెళ్లి, గాలి తగిలి చల్లబడి నీళ్లలాగా ద్రవం అవుతుంది. డ్రయర్ అనే చిన్న డబ్బాలో తేమ పీల్చే గింజలుంటాయి, అందులోంచి పోతుంది. ఒక సన్న వాల్వు దాటి డ్యాష్‌బోర్డు లోపలుండే కూలింగ్ కాయిల్లోకి వెళ్లి విచ్చుకుంటుంది. అక్కడ మన కారులోని వేడి పీల్చుకుని మళ్లీ కంప్రెసర్ దగ్గరికి. ఇంతే.

ఇందులో మనం గమనించనిది రెండున్నాయి. ఒకటి, గాలి తగలకపోతే వేడి పోదు, వేడి పోకపోతే ఒత్తిడి పెరుగుతుంది. మామూలుగా మన ఎండల్లో నడిచేటప్పుడు ఆ పెద్ద ఒత్తిడి వైపు 250, 300 పీఎస్‌ఐ ఉంటుంది. కండెన్సర్ మూసుకుపోయినా, దాని ఫ్యాన్ తిరగకపోయినా 400 వైపు ఎగబాకుతుంది. చాలా బండ్లలో ఒత్తిడి మరీ ఎక్కువైతే ఆపేసే స్విచ్ ఉంటుంది గానీ, రోజూ దాని అంచుదాకా వెళ్లొస్తే ఏ మిషనైనా ఎన్నాళ్లు బతుకుతుంది? మెడ దాకా బరువేసి ఎద్దుని ఎండలో తోలినట్టే. రెండోది నూనె. ఇంజనుకి కింద ఆయిలు చాంబరుంటుంది, ఇక్కడ అలా కాదు. నూనె గ్యాసుతోపాటే పైపులన్నీ తిరిగొస్తుంది. గ్యాసు లీకైతే నూనె కూడా కారిపోతుంది. గ్యాసు తగ్గినా నూనె సరిగ్గా తిరిగి రాదు. ఏటా గ్యాసు పట్టించుకుంటూ, లీకు ఎక్కడుందో చూడకుండా తిరిగే బండ్ల కంప్రెసర్లు అందుకే పోతాయి. "ఏటా గ్యాసు అయిపోతుంది, మామూలే" అని ఎవరన్నా అంటే నమ్మొద్దు. అది డీజిలు కాదు అయిపోవడానికి. ఏడాదికే తగ్గిందంటే ఎక్కడో కారుతుంది.

ఇప్పుడు అసలు కంప్రెసరే పోయిందా అన్నది. దీనికి గ్యాసు పైపు ముట్టుకోనక్కర్లేదు, పదిహేను నిమిషాల పని. ఇంజను ఆపి, ఏసీ ఆపి, కంప్రెసర్ ముందరుండే ప్లేటుని చేత్తో తిప్పండి. కొంచెం బరువుగా తిరిగితే లోపల బిగుసుకోలేదన్నమాట. అసలు కదలకపోతే పోయినట్టే. తిరిగితే ఇంజను స్టార్ట్ చేసి ఏసీ వెయ్యమని ఒకర్ని కూర్చోబెట్టి దూరం నుంచి చూడండి. లుంగీ, తువ్వాలు, బెల్టు దగ్గరికి తీసుకెళ్లకండి. ఆ ప్లేటు టక్కుమని అంటుకుని పుల్లీతో తిరగాలి. అంటుకోకపోతే ముందు ఫ్యూజు చూడండి, తర్వాత రిలే. తర్వాత క్లచ్ దగ్గరికొచ్చే వైరుకి టెస్ట్ ల్యాంపు పెట్టండి. మా బాబాయి బండికి అదే జరిగింది. ఇరవై వేల కొటేషన్ ఇచ్చారు, తీరా చూస్తే ఎలుక వైరు కొరికేసింది. కారు వడ్ల బస్తాల పక్కన పెట్టుకుంటాం గదా, ఎలుకలకి ఇంజను రూము మంచి కాపురం.

కరెంటు వస్తుంది గానీ క్లచ్ అంటుకోవడం లేదంటే కాయిలు కొలవండి. చాలావాటికి మూడు, నాలుగు ఓమ్స్ చూపిస్తుంది. ఏమీ చూపించకపోతే కాయిలు కాలింది, కాయిలు విడిగా దొరుకుతుంది. పొద్దున్నే పనిచేసి మధ్యాహ్నం వేడెక్కాక ఆగిపోయే బండ్లలో ఇంకో చిన్న రోగం ఉంటుంది. క్లచ్ ప్లేటుకీ పుల్లీకీ మధ్య సందు ఉంటుంది, అర మిల్లీమీటరు అటూ ఇటూ. అరిగి ఆ సందు పెరిగితే వేడిలో అయస్కాంతం లాగలేదు. ప్లేటు విప్పి లోపలున్న సన్న వాషరు ఒకటి తీస్తే సరిపోతుంది. ఇక ఏసీ వేసినా వెయ్యకపోయినా ఒకే శబ్దం వస్తుంటే అది ఎక్కువగా పుల్లీ బేరింగు. బేరింగు మార్చడానికి గ్యాసు తియ్యక్కర్లేదు. ఇవన్నీ "కంప్రెసర్ పోయింది" అనే ఒక్క మాట కింద కొట్టుకుపోతున్నాయి. అలా చెప్పేవాళ్లందరూ మోసగాళ్లని నేను అనను. సగం మంది వెతకడానికి ఓపిక లేక చెప్తారు, మనం కూడా తొందరగా కానివ్వమని నెత్తి మీద నిలబడతాం.

ఒక మాట, కొన్ని కొత్త బండ్లలో ఈ క్లచ్ ఉండదు, కంప్రెసర్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. వాటికి ఈ పరీక్షలు పనికిరావు. హైబ్రిడ్, కరెంటు కార్లయితే అసలు జోలికే పోవద్దు. వాటి కంప్రెసరుకి వచ్చే నారింజ రంగు వైర్లలో ప్రాణం తీసే ఓల్టేజీ ఉంటుంది, వాటి నూనె కూడా వేరే.

నిజంగానే కంప్రెసర్ పోయిందని తేలింది. అప్పుడు నేను మూడోసారి చేసిన పద్ధతి చెప్తా. బండిని ముందు మిషనున్న ఏసీ షాపుకి తీసుకెళ్లి గ్యాసు వెనక్కి తీయించాను. వదలడం కాదు, తీయించడం. మిషను దాన్ని సిలిండర్లోకి లాగేసుకుంటుంది. ఇంజను ఆపి ఉన్నా సరే, 40 డిగ్రీల ఎండలో ఆ పైపుల్లో 130 పీఎస్‌ఐ దాకా ఉంటుంది. కారు టైరుకి మనం పట్టించేది ముప్పై చిల్లర, అదే పగిలితే ఎలా ఉంటుందో చూశారు. ఇంటికి తెచ్చి బ్యాటరీ నెగటివ్ తీసేశాను. ఏసీ క్లచ్ కనెక్టరు కూడా పీకేశాను, పొరపాటున ఎవరూ స్విచ్ నొక్కకుండా. బెల్టు ఎలా తిరిగిందో ఫోనులో ఫొటో తీసుకున్నాక విప్పాను. ఇది చిన్న సంగతిలా ఉంటుంది గానీ, సాయంత్రం ఆరింటికి బెల్టు చేత్తో పట్టుకుని బుర్ర గోక్కునేవాళ్లని నేను చూశాను. బండి కిందకి వెళ్లాల్సొస్తే జాకీ మీద నమ్మకం పెట్టుకోవద్దు, స్టాండ్లో గట్టి చెక్క దిమ్మెలో పెట్టండి. సిమెంటు ఇటుకలు వద్దు, అవి చెప్పకుండా పగుల్తాయి.

కంప్రెసరుకి రెండు పైపులు, మూడో నాలుగో బోల్టులు. పైపులు విప్పిన క్షణమే మూతులకి శుభ్రమైన ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వెయ్యండి. ఎందుకంటే ఆ నూనె, పీఏజీ అంటారు, గాలిలో తేమని పీల్చేస్తుంది. యూరియా బస్తా మూతి విప్పి వానాకాలం వదిలేస్తే ఏమవుతుందో మీకు తెలుసు, ఇదీ అంతే. ఆ తేమ లోపల యాసిడ్ అయి అన్నిటినీ తినేస్తుంది, వాల్వు దగ్గర గడ్డకట్టి అడ్డం కూడా పడుతుంది. అందుకే నూనె డబ్బా పెద్దది కొని సగం వాడి అటక మీద పెట్టొద్దు.

పాత కంప్రెసర్లోంచి నూనె ఒక గ్లాసులోకి ఒంపి కొలవండి, రంగు చూడండి. శుభ్రంగా ఉంటే మీ అదృష్టం. నల్లగా ఉండి రజను మెరుస్తుంటే ఇక కంప్రెసర్ ఒక్కటే మార్చడం దండగ. డ్రయర్ మార్చాలి, వాల్వు మార్చాలి, పైపులు కడగాలి. కండెన్సర్ కూడా మార్చాలి. ఇప్పటి కండెన్సర్ల గొట్టాలు వెంట్రుకంత సన్న కాలవలు, అందులో ఇరుక్కున్న రజను ఎంత కడిగినా రాదు. నేను రెండోసారి కక్కుర్తి పడింది ఇక్కడే. డ్రయర్ మాత్రం రజనున్నా లేకపోయినా పైపు విప్పిన ప్రతిసారీ మార్చాల్సిందే. కంప్రెసరుకి వేలు పెట్టేవాళ్లం ఏడెనిమిది వందల డబ్బా దగ్గర గీచి గీచి బేరమాడతాం.

కొత్తదాంట్లో నూనె ముందే పోసి వస్తుంది కొన్నిట్లో, కొన్నిట్లో రాదు. తక్కువైతే బిగుసుకుంటుంది, ఎక్కువైతే చల్లదనం రాదు. మీ బండికి ఏ నంబరు నూనె, ఎంత అన్నది బానెట్ కింద స్టిక్కర్ మీదో పుస్తకంలోనో ఉంటుంది. ఓరింగులు పాతవి వెయ్యొద్దు, కొత్తవి అదే నూనెతో తడిపి పెట్టండి. బిగించాక ముందు ప్లేటుని చేత్తో పది పన్నెండు చుట్లు తిప్పండి, నూనె లోపల సర్దుకుంటుంది. తర్వాత ఏసీ వెయ్యకుండా మెల్లగా మళ్లీ షాపుకి తోలుకెళ్లడమే. క్లచ్ ఉన్న బండికి ఇది కుదురుతుంది. క్లచ్ లేనిదైతే గ్యాసు లేకుండా తోలితే దారిలోనే కంప్రెసర్ పోతుంది, దానికి మొత్తం పని షాపులోనే.

షాపులో మాత్రం ఒక్క విషయంలో మొండికెయ్యండి. వాక్యూమ్ పెట్టకుండా గ్యాసు పట్టించనివ్వద్దు. పంపు పెట్టి అరగంట, ముప్పావు గంట లోపల గాలంతా లాగెయ్యాలి. గాలి పోతే తేమ మామూలు వేడికే ఆవిరై బయటికొచ్చేస్తుంది. తర్వాత పంపు ఆపి ఓ పావుగంట చూస్తే, ముల్లు కదలకుండా నిలబడాలి. కదిలితే లీకున్నట్టే. గ్యాసు కూడా గేజీ చూసి అందాజాగా కాదు, తూకం వేసి పట్టాలి. చిన్న బండ్లకి దాదాపు 350 నుంచి 500 గ్రాములు, మీ బండిది స్టిక్కర్ మీద ఉంటుంది. మందు డబ్బా మీద ఎకరానికి ఎన్ని మిల్లీలీటర్లో చూసే పోస్తాం గదా, ఇదీ అంతే.

ఇక చాలా గట్టిగా చెప్పాల్సిన సంగతి. లీకు చూడ్డానికి వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ సిలిండర్ తెచ్చి పట్టిద్దామని ఎవరన్నా అంటే అక్కణ్ణుంచి లేచి వచ్చెయ్యండి. ఆక్సిజన్ ఒత్తిడితో నూనెకి తగిలితే నిప్పు కూడా అక్కర్లేదు, పేలిపోతుంది. లీకు చూడాలంటే రెగ్యులేటరుతో పొడి నైట్రోజన్ పెట్టి సబ్బు నురగ రాసి చూస్తారు. పంక్చర్ షాపు గాలి కూడా వద్దు, దాని నిండా తేమ.

వంట గ్యాసు ఎక్కిస్తే తక్కువలో అయిపోతుంది, ఇంకా చల్లగా వస్తుంది అనేవాళ్లు కూడా ఉన్నారు. చల్లగా వస్తుందన్నది అబద్ధం కాదు. ఇప్పటి ఇంటి ఫ్రిజ్‌లు చాలావాటిలో ఉండేది దానికి అన్నదమ్ముల వరసయ్యే ఐసోబ్యూటేనే. కానీ ఫ్రిజ్‌లో అది కొద్ది గ్రాములే ఉంటుంది, దానికోసమే చేసిన, అతికేసి మూసేసిన పైపుల్లో ఉంటుంది. మన కారులో రబ్బరు గొట్టాలు, ఓరింగులు, గతుకుల రోడ్లు. కూలింగ్ కాయిలు ఎక్కడుంది? ముందు సీట్లో కూర్చున్నవాళ్ల మోకాళ్ల ముందర. అక్కడ లీకైతే అద్దాలు మూసిన కారు నిండా వంట గ్యాసు. ఒక్క స్విచ్ రవ్వ చాలు.

మామూలు ఆర్ 134ఏ గ్యాసు అలా అంటుకోదు గానీ మంట మీద పడితే విషమవుతుంది, కాబట్టి ఆ పని దగ్గర బీడీ, సిగరెట్ వద్దు. గాలికన్నా బరువు కూడా, పల్లంలో నిలబడుతుంది. పాత బావిలోకి దిగేముందు దీపం దించి చూసే ఊళ్లు మనవి, సర్వీసింగ్ గుంటలోకి దిగి పైపు విప్పితే ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా.

గ్యాసు గాల్లోకి వదిలితే ఏం పోయింది, కనపడదు గదా అంటారు. నేనూ వదిలినవాణ్ణే కాబట్టి లెక్క చెప్తా. పూర్వం కార్లలో ఆర్ 12 ఉండేది. అది ఓజోన్ పొరని తినేస్తుందని 1987 మాంట్రియల్ ఒప్పందంతో మెల్లగా ఆపేశారు. బదులొచ్చిందే ఈ 134ఏ. ఓజోన్‌ని ఏమీ చెయ్యదు గానీ భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకి వెయ్యి రెట్లకు పైన. మనం ఒక్కసారి వదిలే నాలుగొందల గ్రాములు, దగ్గర దగ్గర రెండొందల లీటర్ల డీజిలు కాల్చిన పొగతో సమానం. ట్రాక్టరుకి ఎన్ని ఎకరాల దుక్కి అది! అందుకే 2016లో కిగాలీలో వీటిని కూడా తగ్గించాలని ఒప్పందం రాసుకున్నారు. మన దేశం 2021లో దానికి ఒప్పుకుంది, 2032 నుంచి తగ్గించుకుంటూ వస్తుంది. పూత మీదున్న తోట ఎండలకి మాడిపోయిందని ఏడ్చేది మనమే. ఆ వేడికి మన చేత్తో చిటికెడు కలపడం ఎందుకు?

ఇది చదివి ఇద్దరు నామీద లేస్తారని తెలుసు. ఒకరు, "అంత రిస్కెందుకు, మొత్తం కంపెనీ సర్వీసుకి ఇచ్చెయ్యొచ్చుగా" అనేవాళ్లు. ఇవ్వండి, డబ్బుంటే తప్పు లేదు. పంట డబ్బు చేతికి రాని ఏడాది కూడా బండి ఆగిపోతుంది మరి. బోల్టులు విప్పడానికి భయపడే చేతులు కావు మనవి. రెండోవాళ్లు, "వీడియో చూసి మొత్తం మనమే చేసుకోవచ్చు, గేజీ రెండు వేలకి దొరుకుతుంది" అనేవాళ్లు. గేజీ దొరుకుతుంది. గ్యాసుని వెనక్కి లాగే మిషను రెండు వేలకి దొరకదు, అది లేనప్పుడు ఆ గ్యాసు పోయేది గాల్లోకే. ఆ మిషనుకీ, ఆ పని నేర్చుకున్న తమ్ముడికీ ఇచ్చే పదిహేను వందలో రెండు వేలో దండగ ఖర్చని నేను ఇప్పుడు అనుకోవడం లేదు. మనకి సంఘాల్లో యంత్రాలు అద్దెకిచ్చే పద్ధతి అలవాటే. నాలుగైదు ఊళ్లు కలిసి అలాంటి మిషను ఒకటి పెట్టుకుని, ఐటీఐ చదివి ఖాళీగా ఉన్న కుర్రాడొకడికి పని నేర్పిస్తే బాగుంటుందని నా ఆశ. కార్లొక్కటే కాదు, కోత మిషన్ల క్యాబిన్లకి, కొత్త ట్రాక్టర్లకి కూడా ఏసీలొస్తున్నాయి.

నాకు మూడోసారి కంప్రెసర్, కండెన్సర్, డ్రయర్, వాల్వు, గ్యాసు అన్నీ కలిపి ఇరవై రెండు వేలయింది. ముందే పద్ధతిగా చేసుంటే మొదటి రెండుసార్ల ఖర్చు మిగిలేది. నిజానికి అంతకన్నా ముందు, ఏడాదికి రెండుసార్లు కండెన్సర్ కడుక్కునుంటే ఈ కథే లేదు. ఇప్పుడు వరి కోతలైపోగానే ఒకసారి, మిరప కల్లాలు ఎత్తాక ఒకసారి కడుగుతున్నాను. మామూలు పైపు నీళ్లతో, వీలైతే వెనక నుంచి ముందుకి. ప్రెషర్ వాషరు దగ్గరగా పెట్టి కొట్టొద్దు, రేకులు వంగిపోయి గాలి దారి ఇంకా మూసుకుపోతుంది. ఏసీ వేసినప్పుడు ముందు ఫ్యాన్ తిరుగుతుందో లేదో వారానికోసారి బానెట్ ఎత్తి చూస్తాను. ఎండాకాలమే కాకుండా చలికాలంలో కూడా వారానికి పది నిమిషాలు ఏసీ నడిపిస్తాను, నూనె లోపల తిరిగితే సీళ్లు ఎండిపోకుండా ఉంటాయి.

పోయిన ఎండాకాలం అమ్మని ఐదుసార్లు గుంటూరు తీసుకెళ్లాను. ఒకసారి దారిలో ఏసీ తగ్గించమని కసిరింది, చలేస్తుందని.

ఈ ఆదివారం మా బావమరిది బండి విప్పుతున్నాం. గ్యాసు శనివారమే తీయించుకొస్తానన్నాడు. కంప్రెసర్ కొన్నానని ఫొటో పెట్టాడు గానీ డ్రయర్ కొన్నట్టు కనపళ్లేదు. రాత్రికి ఫోన్ చేసి అడగాలి, అది లేకుండా నేను పానా పట్టుకోను.